బసవపున్నయ్య లిమిటెడ్

భవానీపురంలో మెస్సు నడిపే బసవపున్నయ్యకి ఇంగ్లీషులో వచ్చిన మాట ఒక్కటే. అది 'లిమిటెడ్'. పోనీ ఆ ఒక్కదానికైనా అర్థం తెలుసా అంటే అదీ లేదు. అర్థం తెలియకుండా మాట్లాడేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళతో పేచీ లేదు. ఈయన అలా కాదు. ఆ మాటకి సరిగ్గా తలకిందుల అర్థం ఒకటి పెట్టుకుని, దాన్ని గుమ్మం మీద బోర్డుగా రాయించి, ఆ బోర్డు కింద పదేళ్ళు అన్నం పెట్టాడు. ఆ పదేళ్ళూ ఆయనకి ఆ మాట నేర్పబోయి భంగపడ్డవాడు జానకిరామ్, ఎమ్మే ఇంగ్లీషు, సెకండ్ క్లాసు.

ఆ బోర్డు మీద ఉన్నది ఇది: 'బసవపున్నయ్య లిమిటెడ్ మీల్స్. ఎంతైనా తినవచ్చు.'

ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ కాటా దగ్గర ఇరవై ఆరేళ్ళు చెరుకు బళ్ళు తూయించిన మనిషి ఆయన. రిటైరై, భవానీపురంలో కింద మెస్సుకి సరిపడా హాలు, పైన ఒక గది వేసుకున్నాడు. లిమిటెడ్ అంటే గొప్పది, పెద్దది, పరువు గలది అని ఆయన సిద్ధాంతం. దానికి సాక్ష్యాలు కూడా సిద్ధంగా ఉండేవి.

"మీరే చెప్పండి మాస్టారూ. సిమెంటు ఫ్యాక్టరీ పేరు చివర ఏముంటుంది?"

"లిమిటెడ్."

"ఎరువుల కంపెనీకి?"

"దానికీ లిమిటెడే. కానీ బాబాయిగారూ, అక్కడ దాని అర్థం..."

"మన సందు చివర కిళ్ళీకొట్టుకి ఉందా?"

"లేదు."

"మరి?"

ఆ 'మరి'కి జానకిరామ్ జవాబు చెప్పాలంటే, వాటాదార్ల బాధ్యత ఎంతవరకు అన్న సంగతి నుంచి మొదలుపెట్టాలి. అది చెప్పేలోపు ఆయన సాంబారు బకెట్టుతో అవతలి వరసకి వెళ్ళిపోయేవాడు.

బోర్డుతో ఆగితే బాగుండేది. ఆ మాట ఆయన నోట్లో కరివేపాకులాగా అన్నిట్లోనూ పడేది. పప్పు లిమిటెడ్‌గా కుదిరేది. ఎవరికైనా సంబంధం చెబితే "లిమిటెడ్ కుర్రాడండీ, వదులుకోకండి" అనేవాడు. పక్కవీధి పెద్దాయన పోతే జానకిరామ్‌తో కలిసి పరామర్శకి వెళ్ళి, ఆయన కొడుకు చేతులు పట్టుకుని "లిమిటెడ్ మనిషి పోయాడు బాబూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కొడుకు బ్యాంకు ఆఫీసరు. ఏడవాలో కోప్పడాలో తెలియక జానకిరామ్ వైపు చూశాడు. జానకిరామ్ గోడ మీద క్యాలెండరు చూశాడు.

ఒకసారి ఇబ్రహీంపట్నంలో దిగాల్సి వచ్చి ఇద్దరూ లిమిటెడ్ స్టాప్ బస్సెక్కారు. కండక్టరు ఆగదన్నాడు.

"ఎందుకాగదు?"

"లిమిటెడ్ స్టాపండీ ఇది."

"అదేగా నేనడిగేది. మామూలు ఎర్రబస్సే ఆగుతుంది, లిమిటెడ్ బస్సయ్యుండి ఆగకపోతే ఎట్టాగయ్యా? అందరికీ ఆగాలిగా."

కండక్టరుకి ఎమ్మే లేదు కాబట్టి వాదించలేదు. విజిలేసి ఆపేశాడు. దిగాక బసవపున్నయ్య అన్న మాట: "చూశారా, ఆ మాటకుండే విలువ."

జానకిరామ్ ఆ మెస్సుకి మొదట వచ్చింది తొంభైమూడులో. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, పొట్టలో పొద్దున తిన్న బన్ను. ట్యుటోరియల్ కాలేజీల చుట్టూ తిరుగుతున్న రోజులు. అప్పుడే తెరిచిన మెస్సది. మొదటి మూడు రోజులూ ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు దాకా వచ్చి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు గుమ్మం మీద వేరే బోర్డేదో ఉండేది. దాని మీద ఏముందో తరువాత ఎవరైనా అడిగితే గుర్తులేదనేవాడు. కొన్ని సంగతులు మనిషి పనిగట్టుకుని మరిచిపోతాడు.

వారం తరువాత మళ్ళీ ఆ వీధిలో వెళుతుంటే కొత్త బోర్డు కనిపించింది. లిమిటెడ్ మీల్స్, ఎంతైనా తినవచ్చు. జానకిరామ్‌కి ఆకలి మరిచిపోయేంత నవ్వొచ్చింది. మిగతా హోటళ్ళలో లిమిటెడ్ మీల్సంటే ఒక గిన్నెడు అన్నం, చెంచాడు కూర, రెండోసారి అడిగితే మన వైపు చూడని సర్వరు. ఇక్కడ ధర అదే, అన్నానికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. మూడోసారి అన్నం పెట్టించుకుని మొహమాటానికి "చాలండీ" అన్నాడు.

"చాలటమేంటి?" అన్నాడు బసవపున్నయ్య, హస్తం గాల్లోనే ఆపి. "బోర్డు చూసే వచ్చారా? లిమిటెడ్ అని రాసుకుని ఇంతే పెట్టానని తెలిస్తే నా పరువేం కావాలి? పట్టండి."

పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ కొండలమ్మ. బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు, తెల్లవారుజామున చేపల గంపతో వచ్చి మధ్యాహ్నానికి అమ్మేసి తిరుగు బస్సెక్కే మనిషి. ఆవిడ జానకిరామ్ వైపు వంగి రహస్యం చెప్పింది.

"పాపం ఆయనకి ఇంగిలీసు రాదంటయ్యా. ఆ మాటకి కొంచెమే పెడతారని అర్థమంట. నువ్వు చదువుకున్నోడల్లే ఉన్నావ్, గబుక్కున నోరు జారమాక."

ఆ రహస్యం మెస్సులో అందరికీ తెలుసు. రిక్షా లాగేవాళ్ళు, ఇంటర్వ్యూలకి వచ్చినవాళ్ళు, ఆసుపత్రిలో మనుషుల్ని పెట్టుకుని పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, అందరూ కడుపునిండా తిని, ఒకళ్ళనొకళ్ళు చూసి ముసిముసిగా నవ్వుకుని చెయ్యి కడుక్కునేవాళ్ళు. ఒక వెర్రిబాగులవాణ్ణి ఊరంతా కలిసి మోసం చేస్తున్నామన్న సరదా అది. జానకిరామ్ కూడా నాలుగు నెలలు ఆ సరదాతోనే తిన్నాడు. ఉద్యోగం రాగానే అంతరాత్మ మేలుకుంది. పెద్దాయనకి నిజం చెప్పాలని పూనుకున్నాడు. ఉద్యోగం రాకముందు అంతరాత్మ ఎక్కడ నిద్రపోయిందని మాత్రం అడగకూడదు.

అక్కడి నుంచి మొదలైంది అతని కష్టం. ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టాడు.

"ఇది చూడండి బాబాయిగారూ. దీనికి అంచుందా? అంచు దాటి నీళ్ళు పడతాయా? పట్టవు. లిమిట్ అంటే అంచు. లిమిటెడ్ అంటే అంచు ఉన్నది."

బసవపున్నయ్య గ్లాసుని శ్రద్ధగా చూశాడు. "అంచు లేని పంచె ఎవరు కడతారు మాస్టారూ? అంచేగా అందం."

ఇంకోరోజు పొలం తీసుకొచ్చాడు. ఆయనకి ఉయ్యూరు అవతల మూడెకరాల మాగాణి ఉంది, పండిందంతా మెస్సుకే.

"మీ పొలానికి హద్దు రాళ్ళున్నాయా? ఆ హద్దు దాటి దున్నగలరా? అదీ లిమిట్."

"అంటే హద్దుల్లేనివాడికి పొలం లేనట్టే. ఉన్నవాడే లిమిటెడ్. నేను చెప్పేదీ అదేగా?"

ఒక ఉగాదికి డిక్షనరీ కొని, ఆ మాట దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఇచ్చాడు. ఆయన దానికి పసుపూ కుంకుమా పెట్టి గల్లాపెట్టె పక్కన నిలబెట్టాడు. నెల తరువాత "చదివారా?" అని అడిగితే, "సరస్వతిని చదువుతామా మాస్టారూ, దణ్ణం పెట్టుకుంటాం" అన్నాడు. జానకిరామ్ క్లాసులో ఎనభైమంది మొద్దబ్బాయిల్ని గట్టెక్కించాడు. ఈ ఒక్క ముసలాయనకి ఒక్క విశేషణం ఎక్కించలేకపోయాడు.

ఇంతవరకూ నవ్వుకునే విషయమే. ఆ తరువాత జానకిరామ్ తన బతుకుని తీసుకెళ్ళి ఆ బోర్డు నెత్తిన పెట్టాడు. రెండువేల రెండులో ట్యుటోరియల్ ఉద్యోగం మానేసి, మెస్సు పైన ఉన్న గదిలో సొంతంగా స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు మొదలుపెట్టాడు. ఇది మునిగితే వదిలేసి వచ్చిన గుమ్మమే మళ్ళీ ఎక్కాలి. 'తప్పుల్లేని ఇంగ్లీషు, అరవై రోజుల్లో' అని బోర్డు కట్టాడు. కట్టి, రోడ్డు అవతలికి వెళ్ళి చూసుకున్నాడు. పైన తప్పుల్లేని ఇంగ్లీషు. దాని కింద, రెట్టింపు అక్షరాల్లో, లిమిటెడ్ మీల్స్, ఎంతైనా తినవచ్చు.

పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తండ్రులు రెండు బోర్డులూ చదివేవాళ్ళు. ఒకాయన మర్యాదగానే అడిగాడు. "కిందది కూడా మీరే రాసిచ్చారాండీ?" ఆ మర్యాదకి జానకిరామ్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు. క్లాసులో విశేషణాలు చెప్పేరోజు ఇంకా ఘోరం.

"లిమిటెడ్ అంటే పరిమితమైన."

"సార్, ఇందాక తాతగారు నాకు నాలుగోసారి పెట్టారు సార్."

క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ పిల్లవాడికి అప్పుడే తేన్పు కూడా వచ్చింది.

ఏడాది తిరిగేసరికి తరగతిలో తొమ్మిదిమంది మిగిలారు. అలాంటప్పుడు వచ్చింది ఒక ఇంజనీరింగ్ కాలేజీ కబురు. మొదటి సంవత్సరం పిల్లలందరికీ ఇంగ్లీషు చెప్పించాలనుకుంటున్నారట, కరస్పాండెంటుగారు శనివారం స్వయంగా వచ్చి చూస్తారట. ఆ బ్యాచి దొరికితే జానకిరామ్ సంసారం ఒడ్డున పడుతుంది. ఆయన మెట్లెక్కాలంటే ముందు కింద బోర్డు దాటాలి.

అదృష్టం కొద్దీ బసవపున్నయ్య ఆ బుధవారం ఊడ్పులకని పొలానికి వెళ్ళాడు. ఆదివారానికి గాని రాడు. జానకిరామ్ గురువారం పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి ఆయన భార్య సంపూర్ణమ్మ ముందు నిలబడ్డాడు.

"పిన్నిగారూ, బోర్డు మార్పిస్తాను. ఫుల్ మీల్స్ అని. ధర మార్చను, అన్నం మార్చను. ఒక్క మాట మారుస్తాను."

సంపూర్ణమ్మ వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీద నుంచి తల ఎత్తలేదు. "వద్దంటే ఎందుకని అడుగుతారు. చదువుకున్నవాళ్ళు. ఒక్కపూట కట్టి చూడండి."

బోర్డు దింపించి, బోర్డులు రాసే శౌరయ్య కొట్టుకి పంపించాడు. కొత్త రాత ఆరేదాకా గుమ్మానికి గుడ్డ బ్యానరు కట్టాడు. ఫుల్ మీల్స్. పదేళ్ళ మచ్చ పోయినట్టనిపించి, ఆ మధ్యాహ్నం తానే గుమ్మంలో నిలబడ్డాడు.

రిక్షా ఆపిన మనిషి బ్యానరు చూసి, మళ్ళీ రిక్షా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన ముగ్గురు గుమ్మం దాకా వచ్చి, గుసగుసలాడుకుని, పక్కకొట్లో అరటిపళ్ళు కొనుక్కున్నారు. ఒంటిగంటన్నరకి లోపల విస్తళ్ళ ముందు నలుగురే ఉన్నారు. కొండలమ్మ ఖాళీ గంపతో వచ్చి, బ్యానరు మీద ఏముందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"రండి కొండలమ్మగారూ. రేటు అదే, అన్నం అంతే."

"అంతేనా? తక్కువ రేటుకి, తెలిసే, నిండా పెడతన్నారా?"

"అవునండీ."

"అట్టయితే మాకు ధర్మం చేస్తన్నట్టేగా బాబూ." గంప చంకనెత్తుకుంది. "ఆయనకి తెలీక పెడతన్నాడని ఇన్నాళ్ళూ తిన్నాం. అది ఆయన తప్పు, మేం తినటం మా తెలివి. తెలిసి పెడితే చెయ్యి చాచినట్టు. గంప మోసుకుని బతికేదాన్ని, నాకా ఖర్మేం పట్టలా."

"అన్నం అదే కదండీ" అన్నాడు జానకిరామ్. ఆ మాట తనకే పస లేకుండా వినిపించింది.

"అన్నం అదే. తినేదాన్ని నేనుగా" అని ఆవిడ బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

లోపల అన్నం గుండిగ మూత తియ్యకుండానే ఉంది. జానకిరామ్‌కి ఆవిడ మీద కోపం, బసవపున్నయ్య మీద కోపం, అన్నిటికన్నా ముందు ఇంగ్లీషు భాష మీద కోపం వచ్చాయి. కనీసం బోర్డైనా బాగా వచ్చిందేమో చూద్దామని శౌరయ్య కొట్టుకి వెళ్ళాడు. శౌరయ్య ఉప్పుకాగితంతో పాత రంగు గీకుతున్నాడు. లిమిటెడ్ సగం పోయింది. దాని కింద నుంచి ఇంకో రాత బయటపడుతోంది.

'ఆకలిగా ఉన్నవారు డబ్బు లేకపోయినా లోపలికి రావచ్చు.'

జానకిరామ్ ఆ అక్షరాల్ని గుర్తుపట్టాడు. కిళ్ళీకొట్టు దగ్గర మూడు రోజులు నిలబడి చదివిన అక్షరాలవి.

"ఇది మొదటి బోర్డు సార్" అన్నాడు శౌరయ్య. "నేనే రాశా. నెల రోజులుంది. ఈగ వాలలా. వచ్చిన ఒకళ్ళిద్దరూ తల వంచుకుని తిని, మళ్ళీ రాలా. అప్పుడొకరోజు పున్నయ్యగారొచ్చి, దాని మీదే రంగు పూసి లిమిటెడ్ మీల్స్ అని రాయమన్నారు."

"అర్థం తెలియకుండా."

శౌరయ్య నవ్వాడు. "ఆయనకా? కాటా దగ్గర కాగితాలన్నీ ఇంగ్లీషులో రాసిన మనిషి సార్ ఆయన. నేనే అన్నా, లిమిటెడంటే కొంచెమే పెడతారని కదండీ అని. 'నాకు తెలియదని చెప్పు శౌరయ్యా, నీ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పు' అన్నారు. నేనూ చెప్పా. చేపలమ్మకి చెప్పింది కూడా నేనే."

"ఎందుకట?"

"ఎవరో కుర్రాడంట సార్. చేతిలో ఫైలుతో ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, రోజూ బోర్డు చదివి వెళ్ళిపోయేవాడంట. 'మొహం చూస్తే పెద్ద చదువు చదివినట్టున్నాడు శౌరయ్యా, ఆ మాటకి సిగ్గుపడుతున్నాడు. వాణ్ణి లోపలికి రప్పించాలంటే మనం చదువు రానివాళ్ళమవ్వాలి' అన్నారు. ఆ కుర్రాడు వచ్చాడో లేదో నాకు తెలియదు మరి."

జానకిరామ్ అక్కడున్న రంగు డబ్బా మీద కూర్చున్నాడు. అది తడి డబ్బా అని శౌరయ్య చెప్పేలోపే కూర్చున్నాడు. పదేళ్ళుగా తను నేర్పుతున్నాననుకున్న పాఠాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గ్లాసు, హద్దురాళ్ళు, ఎర్ర సిరా గీత. అన్నిటికీ ఆ పెద్దమనిషి ఎంత శ్రద్ధగా బుర్ర ఊపాడో గుర్తొచ్చింది. సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అన్నాడు.

"వచ్చాడు శౌరయ్యా. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మళ్ళీ లిమిటెడ్ అనే రాయి. ఇంకాస్త పెద్దక్షరాలతో."

బోర్డు తడారకముందే గుమ్మానికి చేరింది. సంపూర్ణమ్మ బయటికొచ్చి చూసి, అతని ప్యాంటుకి అంటిన నీలం రంగు కూడా చూసింది.

"పిన్నిగారూ, బాబాయిగారికి ఇంగ్లీషు వచ్చా?"

"రాదు బాబూ" అందావిడ. "చాలా కష్టపడి మర్చిపోయారు."

శనివారం కరస్పాండెంటుగారు కారు దిగి రెండు బోర్డులూ చదివారు. "మాస్టారూ, కింద తప్పుంది, చూడలేదా?"

"చూశానండీ. నేనే దగ్గరుండి రాయించాను."

వచ్చినవాళ్ళని పస్తు పంపటం ఆ గుమ్మానికి అలవాటు లేదు కాబట్టి సంపూర్ణమ్మ విస్తరి వేసింది. ఆయన గోంగూర రెండుసార్లు, పెరుగు మూడుసార్లు వేయించుకుని, తృప్తిగా కారెక్కారు. బ్యాచి మాత్రం పంపలేదు.

ఆదివారం బసవపున్నయ్య కాళ్ళకి బురదతో బస్సు దిగి, బోర్డు ముందు ఆగాడు. పక్కనే గుమ్మంలో జానకిరామ్ ఉన్నాడు.

"రంగు కొత్తగా ఉందే."

"వెలిసిపోయిందని మళ్ళీ రాయించాను బాబాయిగారూ."

"గీకి రాశారా, పైపైనే రాశారా?"

"పైపైనే."

బసవపున్నయ్య కాసేపు అతని మొహంలోకి చూశాడు. "మంచిది. గీకితే చెక్క పాడవుద్ది" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ తరువాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. కొండలమ్మ సోమవారం వచ్చి, బోర్డు మీద ఏముందో కనుక్కుని, పెద్దాయన దార్లో పడ్డాడని సంతోషించి నాలుగు విడతలు తింది.

పై బోర్డులో కూడా చిన్న మార్పు జరిగింది. 'అరవై రోజుల్లో' అన్న చోట శౌరయ్య చేత 'సీట్లు లిమిటెడ్' అని రాయించాడు జానకిరామ్. ఇది ఊళ్ళో ప్రతి కోచింగ్ సెంటరూ రాసేదే కాబట్టి ఎవరూ నవ్వలేదు. చేరినవాళ్ళకి మాత్రం మాస్టారు వట్టి మతిమరుపు మనిషని త్వరలోనే తెలిసిపోయేది. సీట్లు ఎన్నో ఆయనకి గుర్తుండదు. ఎవరు ఫీజు కట్టారో, ఎవరు కట్టలేదో అంతకన్నా గుర్తుండదు. ఆ ఏడు గది నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. కట్టనివాళ్ళు వెనక కూర్చుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు మెట్ల మీద జనాన్ని తప్పించుకుంటూ బసవపున్నయ్య మజ్జిగ చెంబుతో పైకొచ్చి, గదంతా కలయజూశాడు.

"మాస్టారూ, సీట్లు లిమిటెడ్ అని రాశారు. అంటే ఏంటండీ?"

"పెద్దదని బాబాయిగారూ."

"హమ్మయ్య" అన్నాడాయన, చెంబు బల్ల మీద పెట్టి. "పదేళ్ళు పట్టింది మీకు నేర్పటానికి."